చిట్టీ తీసి ఇచ్చిన ఫ్లాట్లే కదా, ఏ బ్లాక్‌కీ బీ బ్లాక్‌కీ ఇంత పగ ఎందుకు?

టాప్_ఫ్లోర్_ఎండ
మాది నిజాంపేటలో రెండు బ్లాకుల అపార్ట్‌మెంట్. బ్లాకుకి 40 ఫ్లాట్లు. ఎవరికి ఏ ఫ్లాట్ అని గొడవ రాకుండా బుకింగ్ రోజున బిల్డర్ అందర్నీ కూర్చోబెట్టి చిట్టీలు తీయించాడు. నాకు ఏ బ్లాక్ వచ్చింది, పక్క కుర్చీలో ఉన్నాయనకి బీ వచ్చింది. ఆ రోజు ఇద్దరం కలిసి టీ కూడా తాగాం.

ఇప్పటికి ఆరేళ్లు. సెల్లార్లో ఎదురుపడితే ఆయన ఫోన్ చూసుకుంటాడు, నేనూ ఫోన్ చూసుకుంటాను. మధ్యలో ఇరవై అడుగుల దారి, అటొక వినాయకుడు, ఇటొక వినాయకుడు, రెండు మైకులు. పోయిన చవితికి వాళ్లది ఏడడుగులని తెలిసి మావాళ్లు రాత్రికి రాత్రి ధూల్‌పేట వెళ్లి తొమ్మిదడుగులది తెచ్చారు. గేటులో పట్టలేదు. పైన కమ్మీ కోయించాల్సి వచ్చింది. ఆ కోత ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఇంకా నడుస్తూనే ఉంది.

మొన్న మా ఏడేళ్లవాడు "నాన్నా, వాళ్లంతా తొండి ఆడతారు" అన్నాడు. ఎవర్రా అంటే "బీ బ్లాక్ వాళ్లు". వాడు పుట్టేనాటికి పునాదులు కూడా పడలేదు.

అందరివీ ఇంచుమించు ఒకే రకం ఉద్యోగాలు, ఒకే రకం లోన్లు. విడిగా చూస్తే అందరూ బుద్ధిమంతులే. గుంపులో పడగానే గొర్రెలైపోతారు. ఇది మన జబ్బా, ప్రపంచమంతా ఇంతేనా?

మిర్చిబజ్జీ
తొమ్మిదడుగుల గణపతి, ఎనిమిదడుగుల గేటు. ఇది సైకాలజీ సమస్య కాదు, టేపు సమస్య.

మౌనవ్రతం
మాకు మూడు బ్లాకులు. మీరు అదృష్టవంతులు.

స్వాతి_తార్నాక
చిట్టీ అనగానే ఎం.ఏ. రోజులు గుర్తొచ్చాయి. మీ బిల్డర్ తెలియకుండానే సైకాలజీలో చాలా పేరున్న ప్రయోగాన్ని 80 కుటుంబాల మీద చేసేశాడు.

హెన్రీ టాజ్‌ఫెల్ అని పోలండ్‌లో పుట్టిన యూదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ సైన్యంలో ఉండి జర్మన్లకు ఖైదీగా దొరికాడు. యుద్ధం అయ్యాక ఇంటికి చేరేసరికి తనవాళ్లు దాదాపు ఎవరూ మిగల్లేదు. ఆ తర్వాత బ్రిటన్‌లో స్థిరపడి, "మనవాళ్లు, అవతలివాళ్లు అనే గీత పడటానికి కనీసం ఎంత కావాలి?" అని వెతికాడు. కులం, మతం, డబ్బు, పాత తగాదా అన్నీ తీసేసి సున్నా నుంచి మొదలెడదాం, ఒక్కొక్కటే కలుపుతూ పోదాం, ఎక్కడ పక్షపాతం మొదలవుతుందో చూద్దాం అన్నది ఆయన ఆలోచన.

బ్రిస్టల్‌లో 14-15 ఏళ్ల బడి పిల్లలకి రెండు రకాల బొమ్మలు చూపించి ఏది నచ్చిందని అడిగారు. ఒకటి పాల్ క్లీ గీసినవి, రెండోది కాండిన్‌స్కీ గీసినవి. నువ్వు క్లీ జట్టు, నువ్వు కాండిన్‌స్కీ జట్టు అని చెప్పారు. నిజానికి జట్లు వేసింది ఇష్టాన్ని బట్టి కాదు, ఊరికే. జట్టులో ఎవరున్నారో తెలియదు, మాట్లాడుకోలేదు, పాత పగ లేదు. ఒక్కొక్కణ్నీ విడిగా కూర్చోబెట్టి, ఇద్దరు వేరే పిల్లలకి పాయింట్లు పంచమన్నారు. పాయింట్లకి డబ్బులొస్తాయి, కానీ పంచేవాడికి మాత్రం ఏమీ రాదు.

సున్నా దగ్గరే పక్షపాతం వచ్చేసింది. కలపడానికి ఏమీ అవసరం రాలేదు. 1970లో అచ్చయింది ఇది.

అసలు గుచ్చుకునే ముక్క వేరే ఉంది. పాయింట్ల జతలున్న పట్టికలిచ్చి ఒక్కో జత ఎంచుకోమన్నారు. వాటిలో ఒక పట్టికలో ఒక చివర తమ జట్టువాడికి 19, అవతలివాడికి 25. ఇంకో చివర తమవాడికి 7, అవతలివాడికి 1. తమవాడికి ఎక్కువ రావాలనుకుంటే 19 వైపు పోవాలి కదా? పిల్లలు అటు పూర్తిగా పోలేదు. మనవాడికి తగ్గినా సరే, అవతలివాడి కంటే పైన ఉండాలి. మీ తొమ్మిదడుగుల విగ్రహం అక్కడే ఉంది.

మిర్చిబజ్జీ
వాళ్లది ఏడు, మనది తొమ్మిది. గేటు పోతే పోయింది.

లెక్కల_మాస్టారు
అమ్మా స్వాతీ, ఎంతమంది పిల్లల మీద చేశారు? పరీక్షలో ఒక్కటే ప్రశ్న ఇచ్చి "చూశారా, అందరూ ఆ ప్రశ్నకే జవాబు రాశారు" అంటే ఎలా? కాగితం మీద క్లీ, కాండిన్‌స్కీ తప్ప వేరే ఆధారమేదీ లేనప్పుడు పిల్లాడు దాన్నే పట్టుకుంటాడు. సార్ ఇదేదో ముఖ్యమనుకుంటున్నాడని ఊహిస్తాడు. ముప్పై నాలుగేళ్లు బళ్లో పనిచేశాను. సార్ మనసులో ఏముందో పసిగట్టడంలో పిల్లలని మించినవాళ్లు లేరు.

స్వాతి_తార్నాక
మాస్టారూ, మొదటి విడతలో 64 మంది, బొమ్మల విడతలో 48 మంది. మీరన్న సందేహం అప్పట్లోనే లేచింది. అందుకే 1973లో టాజ్‌ఫెల్, మైకేల్ బిలిగ్ కలిసి ఇంకోటి చేశారు. ఈసారి దాపరికం లేదు, "ఈ జట్లకి అర్థం లేదు, ఊరికే వేశాం" అని ముఖాన్నే చెప్పారు. అయినా తమ జట్టుకే మొగ్గారు. "సార్ మనసు పసిగట్టడం" అన్నది మాత్రం పూర్తిగా తీసేయలేం, ఒప్పుకుంటాను.

ఆరెంజ్_ఆర్మీ_ఉప్పల్
సన్‌రైజర్స్ ఉప్పల్‌లో ముంబై మీద 277 కొట్టిన రోజు నేను స్టేడియంలోనే ఉన్నా. గొంతు పోయింది. ఆఫీసులో వారమంతా "మనం కొట్టాం, మనం చితక్కొట్టాం". అదే 2024 ఫైనల్లో చెన్నైలో 113కి ఆలౌట్ అయిన మర్నాడు నా నోట్లోంచి వచ్చిన మాట "వీళ్లకి పెద్ద మ్యాచ్ ఆడటం రాదు బ్రో". మనం ఎప్పుడు వీళ్లయ్యామో నాకే తెలీలేదు.

స్వాతి_తార్నాక
@ఆరెంజ్_ఆర్మీ దీని మీదే 1976లో రాబర్ట్ చాల్డీనీ వాళ్ల పరిశోధన ఉంది. అమెరికాలో కొన్ని యూనివర్సిటీల్లో సోమవారం క్లాసులకి వెళ్లి, ఎంతమంది యూనివర్సిటీ పేరున్న బట్టలు వేసుకొచ్చారో లెక్కపెట్టారు. శనివారం తమ ఫుట్‌బాల్ టీమ్ గెలిస్తే ఆ చొక్కాలు ఎక్కువ. తర్వాత విద్యార్థులకి ఫోన్ చేసి మ్యాచ్ గురించి చెప్పమన్నారు. గెలిచినదాని గురించి "మేం", ఓడినదాని గురించి "వాళ్లు". అచ్చం మీరే.

ఆరెంజ్_ఆర్మీ_ఉప్పల్
నా ఆరెంజ్ చొక్కా మే 27 నుంచి అల్మారా అడుగునే ఉంది. చాల్డీనీకి ఎవరు చెప్పారు?

ఊరవతల
చిట్టీ కథ బాగుంది. చదివేవాళ్లకి హాయిగా కూడా ఉంటుంది, ఎందుకంటే అందులో ఎవరి తప్పూ లేదు. మనసు తీరే అంత, పాపం అనుకుని పడుకోవచ్చు.

నేను పదకొండేళ్ల కింద ఈ ఊరొచ్చినప్పుడు ఇంటికోసం తిరిగాను. గేటు దగ్గర "టు లెట్". ఓనరమ్మ మర్యాదగానే మాట్లాడింది, మంచినీళ్లిచ్చింది, ఊరు అడిగింది, ఇంటిపేరు అడిగింది. ఆ తర్వాత "మా వారు వచ్చాక ఫోన్ చేయిస్తాను బాబూ" అంది. ఇలా నాలుగిళ్లు. ఐదో ఇంట్లో నేరుగా "మీరేమిటోళ్లు?" అన్నారు, అదే నయమనిపించింది. క్లీ బొమ్మ నచ్చినందుకు ఎవడికీ ఇల్లు దొరక్కుండా పోలేదు. నా చిట్టీ తీసింది బిల్డర్ కాదు, మళ్లీ తీయించుకునే వీలు కూడా లేదు.

ఇంతకీ ఒక్క ప్రశ్న. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఏ బ్లాకా, బీ బ్లాకా?

మౌనవ్రతం
👆

లెక్కల_మాస్టారు
ఊరవతల గారు అన్నదే నేను సరిగ్గా అనలేకపోయాను. గీత పడటం వేరు, గీతకి ఒక పక్కనున్నవాళ్ల చేతిలో తాళాలుండటం వేరు.

స్వాతి_తార్నాక
ఊరవతల గారితో వాదన లేదు. టాజ్‌ఫెల్ కూడా అక్కడ ఆగలేదనే చెబుతున్నా. 1979లో ఆయనా, జాన్ టర్నర్ అనే ఆయనా కలిసి రాసిన సిద్ధాంతంలో సగం మీరన్న దాని గురించే. కింద తొక్కిపెట్టిన గుంపులో ఉన్నవాడు ఏం చేస్తాడు? గీత దాటే వీలుంటే ఒంటరిగా దాటేస్తాడు, అంటే పేరు మార్చుకోవడం, ఊరు దాచుకోవడం. దాటనివ్వకపోతే, ఈ ఏర్పాటు న్యాయం కాదని, మారే వీలుందని అనిపిస్తే, అందరితో కలిసి నిలబడతాడు. మారదనిపించినప్పుడు తమకున్నదాన్నే గొప్పగా చెప్పుకునే దారి వెతుకుతాడు.

కులం మీద మన దగ్గర జరిగింది కూడా ఒకటుంది. మ్యాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లో 1,261 మంది కుర్రాళ్లని తీసుకుని క్రికెట్ లీగులు పెట్టాడు. కొందరికి వేరే కులాలవాళ్లతో కలిసిన టీములు, కొందరికి తమ కులం టీములు, ఎవరికి ఏదన్నది చిట్టీ ప్రకారం. ఒకే టీములో కలిసి ఆడినవాళ్లకి వేరే కులాల స్నేహితులు పెరిగారు. ఎదురెదురుగా ఆడినవాళ్లకి ఆ మేలు దక్కలేదు, ఉల్టా అయింది. ఊరికే ఒకచోట కలవడం కాదు, ఎలా కలిశారన్నది లెక్క. 2021లో అచ్చయింది.

ఊరవతల
టీములో కలిసి ఆడాం, నేనూ ఆడాను, మా ఊళ్లో ఫాస్ట్ బౌలర్‌ని. మ్యాచ్ గెలిచిన రోజు భుజాల మీద ఎత్తుకున్నారు. ఆ సాయంత్రం పార్టీ ఒకళ్లింట్లో. నేను అరుగు దగ్గరే ఉన్నాను. స్నేహం పెరిగిందంటే కాదనను. ఎక్కడిదాకా పెరిగిందో కూడా కొలవమంటున్నా.

చార్మినార్_చౌరస్తా
ఎండ భాయ్, మొదటి పోస్టులో గొర్రెలన్నారే, అక్కడ నాకు జర కష్టమైంది.

మా గల్లీవాళ్లం నిమజ్జనం రోజు, మొహర్రం ఊరేగింపులో బీబీకా ఆలం డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ వెళ్లే రోజు, రెండింటికీ మంచినీళ్లు పంచుతాం. ఇరవై ఏళ్లుగా గుంపుల్ని దగ్గర్నుంచి చూస్తున్నా. బయటినుంచి చూస్తే సముద్రం. లోపల నిలబడితే ఎవడి పని వాడు చూసుకుంటున్న మనుషులే. పిల్లాడు తప్పిపోతే నాలుగు నిమిషాల్లో భుజాల మీద ఎక్కించి చూపిస్తారు. అంబులెన్స్ వస్తే డప్పు ఆగకుండానే దారి తెరుచుకుంటుంది. ఒక్కడూ మైకులో చెప్పడు. గొర్రెలకి అంత తెలివి ఉంటదా?

పిచ్చి పనులు జరగవని కాదు, అవీ చూశాను. అవి చేసేది గుంపంతా కాదు. గుంపులో పదిమంది ముందే అనుకుని వచ్చినోళ్లు.

లెక్కల_మాస్టారు
గుంపులో మనిషి బుద్ధి కోల్పోతాడని ఫ్రాన్సులో లెబాన్ అనే ఆయన 1895లోనే రాశాడు. అది చదివిన తరంవాళ్లం మేము, కొంచెం ఎక్కించుకున్నాం.

స్వాతి_తార్నాక
లెబాన్‌ని ఇవాళ పరిశోధకులు పెద్దగా ఒప్పుకోరు మాస్టారూ. స్టీఫెన్ రైకర్ అనే ఆయన మళ్లీ బ్రిస్టల్‌లోనే, సెయింట్ పాల్స్ అనే పేటలో 1980 ఏప్రిల్‌లో జరిగిన అల్లర్లని కూపీ లాగాడు. పోలీసులు ఒక కేఫ్ మీద దాడి చేయడంతో మొదలైంది. గుంపుకి నిజంగా మతి పోతే కనపడిందల్లా తగలబెట్టాలి కదా? రాళ్లు పోలీసుల మీదికి, బ్యాంకు మీదికి పోయాయి. పేటవాళ్ల ఇళ్ల జోలికి పోలేదు. పోలీసులు పేట దాటి వెళ్లిపోయాక తరుముతూ బయటికి పోలేదు. మంచో చెడో, "ఇది మా పేట" అన్న ఒక లెక్క ప్రకారం నడిచింది. ఆయన మాట ఏమిటంటే గుంపులో మనిషి తనని తాను పోగొట్టుకోడు, "నేను" అన్నచోట "మేం" వచ్చి కూర్చుంటుంది. ఆ "మేం" ఎవరు, ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నదాన్ని బట్టి నడవడిక.

ఇంకోటి మీ మైకుల కోసమే. ప్రయాగలో మాఘమేళాకి వచ్చినవాళ్లకి ఒక శబ్దం వినిపించారు, గజిబిజి గోల. కొందరికి అది మేళాలో రికార్డు చేసిందని, కొందరికి నగరం ట్రాఫిక్‌లోదని చెప్పారు. శబ్దం ఒకటే. మేళాదని చెప్పినప్పుడు ఎక్కువసేపు విన్నారు, బాగుందన్నారు.

టాప్_ఫ్లోర్_ఎండ
ఇది మాత్రం నిజం. మావాళ్ల మైకు భజనలా వినిపిస్తుంది, వాళ్లది గోలలా. పాట ఒకటే అయినా.

మిర్చిబజ్జీ
ఇరవై అడుగుల దారి మధ్యలో నిలబడే వాచ్‌మన్‌కి ఏం వినిపిస్తుందో?

పట్నా_టు_పటాన్‌చెరు
వాట్సాప్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? మా అపార్ట్‌మెంట్‌లో "అవతలి బ్లాక్ వాళ్లు రాత్రి బోరు కేసింగ్ పగలగొడతారంట" అని మెసేజ్ వచ్చి, మావాళ్లు రాత్రంతా కాపలా కాశారు. ఎవడూ రాలేదు. తర్వాత తెలిసింది, అవతలివాళ్లు కూడా మేమొస్తామని కాపలా కాశారట.

మా బిహార్‌లో 1934 జనవరి భూకంపం తర్వాత జమునా ప్రసాద్ అనే మనస్తత్వవేత్త పుకార్లన్నీ సేకరించారు. భూమి కదిలినట్టు తెలిసింది గానీ పెద్దగా నష్టం జరగని చోట్ల, ఇంకా పెద్ద ప్రళయం రాబోతోందని పుకార్లు. భయం ఉంది, కారణం కనపడదు, కాబట్టి భయానికి సరిపడా కథ పుట్టింది. ఇది చదివే అమెరికాలో లియాన్ ఫెస్టింగర్ అనే సైకాలజిస్టుకి, మనసులో పొంతన కుదరనప్పుడు మనిషి ఎలాగోలా కుదుర్చుకుంటాడన్న తన సిద్ధాంతానికి దారి దొరికిందంటారు. మనోడి పేరు మనకే తెలియదు.

స్వాతి_తార్నాక
అబ్బ, జమునా ప్రసాద్ పేరు విని ఎన్నాళ్లయిందో. మాకు అది ఒక్క పేరాలో చెప్పి వదిలేశారు.

బీ_302
ఏడడుగుల విగ్రహం, గేటు కమ్మీ, నిజాంపేట. ఇది మా అపార్ట్‌మెంటే. పక్క కుర్చీలో కూర్చుని టీ తాగింది నేనో కాదో తెలియదు గానీ, ఆ టీకి డబ్బులిచ్చింది బీ బ్లాకే అయ్యుంటుంది.

సార్ రాయనివి రెండున్నాయి. ఏ బ్లాక్ ముందు అప్పగించారు. మాది పద్నాలుగు నెలలు ఆలస్యం. అంతకాలం మేం ఒక పక్క అద్దె, ఇంకో పక్క ఈఎంఐ కట్టాం. మేం వచ్చి చూసేసరికి 80 ఫ్లాట్ల పేరు మీద వసూలు చేసిన కార్పస్ ఫండ్‌లో పెద్ద ముక్క ఏ బ్లాక్ జనరేటర్‌కి, లిఫ్టుకి అయిపోయింది. లెక్కలడిగితే "మీరప్పుడు లేరు కదండీ" అన్నారు. రెండోది, బోరు వాళ్ల వైపుంది. ఎండాకాలం ట్యాంకర్ వస్తే ముందు వాళ్ల సంపు.

చిట్టీ వల్ల వచ్చిన పగట! క్లీ కాదు, కాండిన్‌స్కీ కాదు. జనరేటర్.

మిర్చిబజ్జీ
ఎవరైనా ఇంకో ప్లేట్ పట్రండి. పోస్టు పెట్టినోడి ఎదురింటాయనే వచ్చాడు.

టాప్_ఫ్లోర్_ఎండ
జనరేటర్ రెండు బ్లాకులకీ పనికొస్తుందని అప్పట్లో కమిటీ తీర్మానం ఉంది. అయినా మీ బ్లాక్ వాళ్లు మెయింటెనెన్స్ మూడు నెలలు ఆపలేదా?

బీ_302
ఆపాం. లెక్కలు చూపించేదాకా.

టాప్_ఫ్లోర్_ఎండ
మీ బ్లాక్ వాళ్లెప్పుడూ ఇంతే.

మౌనవ్రతం
ప్రయోగం విజయవంతం.

లెక్కల_మాస్టారు
నవ్వొచ్చినా నా మాట నిలిచింది. ఎండ గారికి కనపడింది చిట్టీ. 302 గారికి కనపడింది చిట్టా. పైచేయి ఉన్నవాడికి తగాదా ఎప్పుడూ కారణం లేనట్టే కనపడుతుంది. ఎండ గారూ, తప్పుగా అనుకోవద్దు.

స్వాతి_తార్నాక
ముజఫర్ షెరీఫ్ చెప్పింది కూడా అదే. టర్కీలో పుట్టి అమెరికా వెళ్లినాయన. 1954లో ఓక్లహోమాలో, రాబర్స్ కేవ్ అనేచోట, పదకొండేళ్ల పిల్లలు 22 మందిని రెండు జట్లుగా శిబిరానికి తీసుకెళ్లాడు. ఒకరు గద్దలు, ఒకరు పాములు. ఒకరికి దక్కితే ఇంకొకరికి దక్కని బహుమతులతో ఆటలు పెట్టగానే జెండాలు కాల్చుకున్నారు, గదుల మీద పడ్డారు. కలిపి భోజనం పెడితే తిండి విసురుకున్నారు. చివరికి నీళ్ల లైను ఆగిపోవడం, లారీ మొరాయించడం లాంటి, ఇద్దరూ కలిస్తే తప్ప తీరని పనులు కల్పిస్తే నెమ్మదిగా కలిశారు.

దీనికి ముందు ఏడాది, 1953లో, న్యూయార్క్ రాష్ట్రంలో ఇలాంటిదే ఇంకో శిబిరం పెట్టాడు. దాని గురించి తక్కువ చెబుతారు. అక్కడ పిల్లల్ని ముందు స్నేహితులు కానిచ్చి తర్వాత విడదీశారు. ఎంత ఎగదోసినా కొట్టుకోలేదు. పెద్దవాళ్లే ఏదో చేస్తున్నారని కనిపెట్టేశారు. శిబిరం మధ్యలోనే మూతపడింది. కాబట్టి కారణం ఉందా లేదా అన్నదొక్కటే కాదు, ఎగదోస్తున్నది ఎవరన్నది కూడా చూడాలి.

మీ ఇద్దరికీ ఒక ప్రశ్న. రెండు బ్లాకులకీ విడివిడి వాట్సాప్ గ్రూపులు ఎవరు పెట్టారు?

బీ_302
బిల్డర్ మనిషి. మెయింటెనెన్స్ వసూలుకి సులువని.

టాప్_ఫ్లోర్_ఎండ
అవును, అతనే. ఇది ఇద్దరం ఒప్పుకున్న మొదటి విషయం అనుకుంటా.

చార్మినార్_చౌరస్తా
మిగిలిన పనులు, పార్కింగ్, డ్రైనేజీ, పూర్తి చేశాడా ఆ బిల్డర్?

బీ_302
లేదు.

చార్మినార్_చౌరస్తా
అడగడానికి 80 మంది ఒకేసారి వెళ్లారా ఎప్పుడైనా?

బీ_302
...

ఆరెంజ్_ఆర్మీ_ఉప్పల్
స్వాతి అక్కా, నీళ్ల లైను మంత్రం అపార్ట్‌మెంట్లో పనిచేస్తుందా? నాకైతే నమ్మకం లేదు.

స్వాతి_తార్నాక
పనిచేసినా ఎంతవరకో చెప్పలేం తమ్ముడూ. నీకు తెలిసిన భాషలో చెబుతాను. 2005లో మార్క్ లెవీన్ వాళ్లు మాంచెస్టర్ యునైటెడ్ అభిమానుల్ని పిలిచి, ముందు వాళ్ల టీమ్ గురించి రాయించారు. తర్వాత దారిలో ఒక కుర్రాడు పరిగెత్తుతూ పడి, చీలమండ పట్టుకుని మూలిగేట్టు ఏర్పాటు చేశారు. కుర్రాడు యునైటెడ్ చొక్కా వేసుకుంటే దాదాపు అందరూ ఆగారు. లివర్‌పూల్ చొక్కా అయితే చాలామంది దాటిపోయారు. రెండో విడతలో టీమ్ గురించి కాకుండా, ఫుట్‌బాల్ అభిమాని కావడం ఎలా ఉంటుందో రాయించారు. ఈసారి లివర్‌పూల్ చొక్కాకి కూడా ఆగారు! చిన్న ప్రయోగమే, కొన్ని పదుల మంది.

రెండు విడతల్లోనూ ఏ టీమూ కాని మామూలు చొక్కా కుర్రాడు కూడా ఉన్నాడు. వాడికోసం అప్పుడూ ఎక్కువమంది ఆగలేదు, ఇప్పుడూ ఆగలేదు.

ఊరవతల
మామూలు చొక్కా. నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు.

లెక్కల_మాస్టారు
ప్రాణం మీదికొస్తే వేరుగా ఉంటుందేమో. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

మిర్చిబజ్జీ
పై కొమ్మవాళ్లు, కింది కొమ్మవాళ్లు అని రెండు గ్రూపులు పెట్టేలోపు వరద తగ్గి ఉంటుంది మాస్టారూ.

టాప్_ఫ్లోర్_ఎండ
మూడు వారాల తర్వాత రాస్తున్నా. స్వాతి గారి నీళ్ల లైను మా దగ్గర నిజంగానే వచ్చింది, ఎవరూ కల్పించకుండానే.

పోయిన మంగళవారం బోరు మోటారు కాలిపోయింది. రెండు సంపులూ అడుగంటాయి. సాయంత్రం ఏడుకి ఒక్క ట్యాంకర్ దొరికింది. డ్రైవర్ పైపు దించి "ఏ సంపు?" అన్నాడు. అంతే. రెండు వైపుల నుంచీ పాతికమంది. కార్పస్ ఫండ్ వచ్చింది, జనరేటర్ వచ్చింది, గేటు కమ్మీ వచ్చింది. ఇరవై నిమిషాలు చూసి డ్రైవర్ పైపు చుట్టుకుని ఎదురు అపార్ట్‌మెంట్‌కి వెళ్లిపోయాడు. వాళ్లు మూడు వందలు ఎక్కువిచ్చారట.

అప్పుడు కలిశాం. ఎదురు అపార్ట్‌మెంట్ వాళ్లని రెండు బ్లాకులూ కలిసి ఎంత తిట్టాయో! నేనూ తిట్టాను, ఆరేళ్లలో అంత ఐకమత్యం చూడలేదు. రాత్రి పదకొండుకి ఇద్దరం, అంటే నేనూ 302 గారూ, ఆయన బండి మీద తిరిగి ఇంకో ట్యాంకర్ పట్టుకొచ్చాం. చెరి సగం పోయించాం. ఆయన చిట్టీ రోజు టీ తాగినాయన కాదు.

బీ_302
సగం కన్నా కొంచెం ఎక్కువే వాళ్ల సంపులో పడింది. నేను కొలిచాను. ప్రస్తుతానికి వదిలేశాను.

మౌనవ్రతం
కొలిచాడు.

టాప్_ఫ్లోర్_ఎండ
ఊరవతల గారి ప్రశ్న గురించి. ఆ రాత్రి ట్యాంకర్ వెళ్లాక వాచ్‌మన్ భార్య ఖాళీ బిందెతో సెల్లార్లో నిలబడి ఉంది. అప్పుడు అడిగాను. వాళ్ల గది కుళాయి నేరుగా బోరు లైనుకి ఉంది, ఏ సంపుకీ కలపలేదు. మోటారు కాలితే వాళ్లకి చుక్క రాదు. పొద్దుట్నుంచీ ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర రెండు బిందెలు తెచ్చుకున్నారట. మేం తిట్టిన ఆ ఎదురు అపార్ట్‌మెంటే. వాళ్లొచ్చినప్పట్నుంచీ ప్రతి ఎండాకాలం ఇంతేనట. జీతం మాత్రం రెండు బ్లాకులూ చెరి సగం ఇస్తున్నాయి.

ఊరవతల
ఇప్పుడు కలిపారా?

టాప్_ఫ్లోర్_ఎండ
ప్లంబర్ ఆదివారం వస్తానన్నాడు. ఏ సంపుకి కలపాలన్న దాని మీద రెండు గ్రూపుల్లోనూ చర్చ నడుస్తోంది.

ఊరవతల
రెండింటికీ కలపొచ్చు. ఒక టీ జాయింట్, రెండు వాల్వులు. వెయ్యి రూపాయల్లోపు పని. చర్చ ఆపి ప్లంబర్‌ని శనివారమే పిలవండి.

బీ_302
వెయ్యి నేను ఇస్తాను. బీ బ్లాక్ ఖాతాలో రాయొద్దు.

టాప్_ఫ్లోర్_ఎండ
సగం నాది. ఇంకో మాట, ట్యాంకర్ల కోసం రెండు బ్లాకులకీ కలిపి కొత్త గ్రూపు పెట్టాం. పేరు దగ్గర ఆగింది. మావాళ్లు "ఏబీ రెసిడెంట్స్" అంటున్నారు.

బీ_302
అక్షరాల వరసలో కూడా మీరే ముందా?

మిర్చిబజ్జీ
"బీఏ" అని పెట్టుకోండి. నీళ్లు రాకపోయినా డిగ్రీ వస్తుంది.